రాయగడ కొండల మధ్య షార్ట్‌వేవ్ రేడియో ఎంపిక: నా అనుభవం

రాయగడ, కోరాపుట్ వైపు కొండ అడ్డొస్తే ఎఫ్ఎం అక్కడే ఆగిపోతుంది. షార్ట్‌వేవ్ పైన అయనోస్ఫియర్‌ను (ఆకాశంలో విద్యుదావేశం ఉన్న పొరను) తాకి కిందికి దిగుతుంది కాబట్టి దానికి కొండ పెద్ద అడ్డు కాదు. ఇంట్లోనూ, గుణుపురం, పర్లాకిమిడి ప్రయాణాల్లోనూ ఒకటే సెట్టు సరిపోవాలన్నది నా లెక్క.

అట్టపెట్టె మీద ‘12 బ్యాండ్లు’ అని ఉన్న ముల్లు సెట్లను మొదటే పక్కన పెట్టాను. 31 మీటర్ల బ్యాండు అంటే 9400 నుంచి 9900 కిలోహెర్ట్జ్. స్టేషన్లకు వాడే అంకెలు 5 కిలోహెర్ట్జ్ ఎడంలో ఉంటాయి. ముల్లును గోటితో కదిపినా రెండు మూడు స్టేషన్లు దాటేస్తుంది. ఇది కాక దొంగ స్టేషన్ల బెడద ఒకటి, అంటే స్టేషన్ తన అసలు చోటే కాక వేరే చోట కూడా పలకడం. ఈ చౌక సెట్లు చాలావరకు పట్టిన స్టేషన్‌ను లోపల 455 కిలోహెర్ట్జ్‌కు మార్చుకుని పనిచేస్తాయి. దొంగ పలికేది దానికి రెట్టింపు, అంటే 910 ఎడంలో. 9800 మీద గట్టిగా వచ్చే స్టేషన్ 8890 దగ్గర కూడా పలికిందంటే వడపోత సరిగా లేనట్టే. ఇది దుకాణంలో నిలబడే తేల్చుకోవచ్చు.

అంకెలు నొక్కి పట్టుకునే డిజిటల్ సెట్లలో చివరికి మూడు మిగిలాయి. టెక్‌సన్ పీఎల్-660కి నాలుగు పెన్సిల్ సెల్లులు కావాలి. ఇంట్లో బల్ల మీదికి బాగుంటుంది, సంచిలోకి కాస్త పెద్దది. ఎక్స్‌హెచ్‌డేటా డీ-808కి 18650 రకం లిథియం సెల్లు. టెక్‌సన్ పీఎల్-330కి బీఎల్-5సీ, అంటే పాత నోకియా ఫోన్లలో వాడిన బ్యాటరీ. అది సెల్‌ఫోన్ కొట్లలో తేలిగ్గా దొరుకుతుంది. నా ఎంపికకు అదే కారణం. మూడింటిలోనూ ఎస్ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్ అనే ప్రసార పద్ధతిని పట్టే సౌకర్యం) ఉంది. 7000–7200 కిలోహెర్ట్జ్ మధ్య హామ్‌ల (అభిరుచితో రేడియోలో మాట్లాడుకునేవాళ్ల) మాటలు వినాలంటే అది లేకుండా కుదరదు, బాతుల గోలలా ఉంటుంది.

సెట్టు చేతికి రాగానే మీడియం వేవ్ అడుగు, అంటే వెతుకులాటలో ఒక్కోసారి ఎన్ని కిలోహెర్ట్జ్ జరుగుతుందో చూడాలి. ఆకాశవాణి కటక్ 972, విశాఖ 927, జయపురం 1467: మూడూ 9తో భాగమయ్యే అంకెలే. సెట్టు అమెరికా పద్ధతిలో 10 అడుగు మీద ఉంటే వెతుకులాటలో 970, 980 మీద ఆగుతూ పోతుంది. సెట్టింగ్‌లో 9కి మార్చుకోవాలి.

అసలు పరీక్ష ఇంట్లో, తిరిగి పంపే గడువు లోపలే. చీకటి పడ్డాక 10000 కిలోహెర్ట్జ్ పెట్టాను. చైనా టైమ్ సిగ్నల్ బీపీఎం టిక్కుటిక్కుమంటూ వినిపిస్తే రేడియోలో లోపం లేనట్టు. గరగర మాత్రమే వస్తే సెట్టును తిట్టేముందు మెయిన్ ఆపి, బ్యాటరీ మీద మళ్లీ వినాలి. రొద తగ్గితే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కో స్విచ్చీ వేస్తూ పోయాను: ఎల్ఈడీ బల్బు, ఫోన్ ఛార్జరు, ఇన్వర్టరు, ఫ్యాన్ రెగ్యులేటరు. తరచుగా పట్టుబడేది చౌక ఛార్జరే. రేడియోను ఛార్జింగ్‌లో ఉంచి వినకూడదన్నదీ ఇందుకే.

స్లాబు కింద, రేకుల కింద సిగ్నల్ సన్నగిల్లుతుంది. 5 నుంచి 7 మీటర్ల తొడుగున్న తీగను కిటికీలోంచి బయటి చెట్టుకు లాగి, ఇటు కొసను సెట్టు యాంటెన్నా రంధ్రంలో పెట్టే 3.5 మిల్లీమీటర్ల ప్లగ్గు మొనకు అతికిస్తే చాలు. 20 మీటర్లు లాగితే ఇంకా బాగుంటుందనుకోవద్దు. చిన్న సెట్టు ఆ పోటు తట్టుకోలేదు, బలమైన స్టేషన్ ప్రతిచోటా పలుకుతుంది. కరెంటు తీగల పైనుంచి గానీ కింది నుంచి గానీ లాగనే కూడదు. ఉరుము వినబడితే ప్లగ్గు పీకి, తీగ కొసను కిటికీ బయట పడేయాలి.

ప్రయాణంలో లాక్ మీట తప్పనిసరి. లేకపోతే సంచిలో దానంతటదే వెలిగి, దిగేసరికి బ్యాటరీ ఖాళీ. రైలు పెట్టె ఇనుపది, పైన 25,000 వోల్టుల తీగ. అందులో షార్ట్‌వేవ్ మీద ఆశ పెట్టుకోకుండా ఇయర్‌ఫోన్‌తో ఎఫ్ఎం వినడమే నయం. బసలో మాత్రం కిటికీ గట్టు మీద పెట్టాలి: పగలు 25, 19 మీటర్ల బ్యాండ్లు, రాత్రి 49, 41, 31.

స్టేషన్ల షెడ్యూళ్లలో ఉండేది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం, మన సమయం కావాలంటే దానికి అయిదున్నర గంటలు కలపాలి. మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం చాలా స్టేషన్లు చోటు మారుస్తాయి. మెమరీలో దాచుకున్న అంకెలను ఆ వారం మళ్లీ సరిచూసుకోవాలి.