చెరువు వైపు ఎంత తెరవాలి?

ములుగు జిల్లాలో ఒక చెరువు ఒడ్డున పన్నెండు గదుల ఖరీదైన విడిదికి నమూనా గీయమని నన్ను అడిగినప్పుడు, యజమాని పెట్టిన షరతు ఒక్కటే: మంచం మీద నుంచే నీళ్లు కనిపించేలా నేల నుంచి కప్పు దాకా అద్దం ఉండాలి. చెరువేమో ఆ స్థలానికి పడమట ఉంది. మన వేసవిలో మధ్యాహ్నం మూడింటి ఎండ ఆ అద్దంలోంచి నేరుగా లోపలికి దిగితే, ఎన్ని ఏసీలు పెట్టినా అతిథులు తెరలు దించుకొనే కూర్చుంటారు. అంతటి అద్దమూ ఏ పొద్దు కోసమైతే పెట్టించారో ఆ పొద్దుకే మూసి ఉంటుంది.

అందుకే అద్దానికి బదులు, బాగా కిందికి వాలిన పెంకుటి చూరు, దాని కింద పదడుగుల వసారా, వసారా అంచున అరుగు గీశాను. అరుగు మీద కూర్చున్నవారికి నీళ్లు కనిపిస్తాయి, ఆకాశపు మిరుమిట్లు మాత్రం చూరు చాటున ఉండిపోతాయి. పెంకులంటే కోతులు పీకేస్తాయని యజమాని అన్న మాట నిజమే, ఊళ్లో పెంకుటిళ్లు రేకులకు మారడానికి అదీ ఒక కారణం. కాబట్టి కింద పలుచని స్లాబు వేసి, పెంకులను దాని మీద సున్నంలో కూర్చమన్నాను.

పక్కనే రామప్ప గుడి ఉంది కాబట్టి రిసెప్షన్‌లో అక్కడి మదనికల, అంటే నాట్య భంగిమల్లోని స్త్రీ శిల్పాల, నకళ్లు పెడదామని ఎవరో సలహా ఇచ్చారు, నేను ఒప్పుకోలేదు. 1213 నాటి ఆ గుడిలో నాకు పనికొచ్చింది బరువుల వరుస: పునాదిలో ఇసుక, ఆపైన ఇసుకరాయి, శిఖరానికి వచ్చేసరికి నీటిలో తేలేంత తేలికైన ఇటుక. మా గోడలూ నడుము ఎత్తు దాకా రాయి, ఆపైన ఇటుక, కప్పుకు పాత ఇళ్ల నుంచి కొన్న టేకు దూలాలు. గదుల్లో పరిచేవి వరంగల్ కొత్తవాడలో నేసే నూలు తివాచీలు, షత్రంజీలు.

అసలు పొరపాటు నాది. స్థలాన్ని మే నెలలో కొలిచాను. చేపలు పట్టే పెద్దమనిషి ఒకాయన ఒక మోదుగ చెట్టు చూపించి, "మత్తడి దుంకితే నీళ్లు ఆడిదాక వస్తయి సారూ" అన్నాడు. మత్తడి దుంకడమంటే చెరువు నిండి అలుగు పారడం. సర్వే పటం తెప్పించి చూస్తే నేను గీసిన గదుల్లో మూడు శిఖం భూమిలోనే, అంటే చెరువు నిండితే మునిగే నేలలోనే ఉన్నాయి. వాటిని చెట్టుకు ఎగువకు జరిపాను. యజమాని అడిగిన అద్దం మాత్రం ఒక గదికి పెట్టాను, తూర్పున వెదురు పొద వైపు.