కాట్లిన్‌లో నల్ రాదన్నారు... వచ్చింది: నా అనుభవం

పని నిన్న రాత్రి ముగిసింది, కోపం మాత్రం చల్లారలేదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మా డెలివరీ యాప్‌ను జావా అనే ప్రోగ్రామింగ్ భాష నుంచి కాట్లిన్ అనే మరో భాషకు మార్చాలి. మార్చడం వారంలో అయిపోయింది. నల్ అంటే 'ఇక్కడ విలువే లేదు' అని. కాట్లిన్‌లో టైపు (విలువ ఏ రకమో చెప్పే పేరు) పక్కన ప్రశ్నార్థకం లేకపోతే అందులో నల్ పెట్టనివ్వదు. జావా కోడ్ నుంచి వచ్చే విలువలకు ఆ కాపలా ఉండదని తెలుసు కాబట్టి అక్కడ జాగ్రత్తపడ్డాను.

దెబ్బ అడ్రస్ దగ్గర తగిలింది. ల్యాండ్‌మార్క్ అనే ఫీల్డుకు ప్రశ్నార్థకం లేదు, డిఫాల్ట్‌గా ఖాళీ స్ట్రింగ్ (అక్షరాల్లేని టెక్స్ట్) ఇచ్చాను. అయినా మనసొప్పక ఒక నల్ చెక్, అంటే నల్ కాకపోతేనే ముందుకెళ్లే షరతు, పెట్టాను. ఈ షరతు ఎప్పుడూ నిజమేనని ఎడిటర్ హెచ్చరించింది. రివ్యూలో మా సీనియర్ అందరి ముందూ, "కాట్లిన్ రాదా నీకు? తీసెయ్" అన్నారు. తీసేశాను. టెస్టులన్నీ పాసయ్యాయి.

డెమోలో క్లయింట్ ఒక పాత ఆర్డర్ తెరిచారు. యాప్ క్రాష్. లాగ్‌లో నల్ పాయింటర్ ఎక్సెప్షన్, అంటే నల్‌ను విలువలా వాడితే వచ్చే ఎర్రర్. "టెస్ట్ చేయకుండా ఎలా ఇచ్చావ్?" అని అడిగింది ఆ సీనియరే! నేను పెట్టిన చెక్ తీయించింది తమరేనని ఆయనకు గుర్తే లేదు.

రెండు రాత్రులు కూర్చుంటే దొరికింది. పాత ఆర్డర్ల జేసన్‌లో (డేటాను టెక్స్ట్‌గా రాసే పద్ధతి) ల్యాండ్‌మార్కే లేదు. ఆ టెక్స్ట్‌ను ఆబ్జెక్టుగా మార్చడానికి మేం వాడే జీసన్ లైబ్రరీ, ఆర్గ్యుమెంట్లు (బయటి నుంచి ఇచ్చే విలువలు) లేని కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్టును కట్టే కోడ్) కనబడకపోతే, ఏ కన్‌స్ట్రక్టర్‌నూ పిలవకుండానే ఆబ్జెక్టు తయారుచేస్తుంది. నా క్లాసులో మిగతా ఫీల్డులకు డిఫాల్ట్ లేదు కాబట్టి అదే జరిగింది. ల్యాండ్‌మార్క్‌కు ఇచ్చిన డిఫాల్ట్ పనిచేయలేదు, నల్ అలాగే ఉండిపోయింది. నా టెస్టుల్లో ఆబ్జెక్టులను నేనే కట్టాను. అక్కడ నల్ పెడితే కంపైలే కాదు, ఇక తప్పు ఎలా బయటపడుతుంది?

1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే భాషలో నల్ రిఫరెన్స్ తెచ్చిన కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్, 2009లో దాన్ని తన బిలియన్ డాలర్ల తప్పు అన్నారు. అంతటివాడే ఒప్పుకున్నాడు. రివ్యూ చేసేవాళ్లు ఒక్కమాట ఒప్పుకుంటే ఏం పోతుంది?

మీరైతే టెస్టును జేసన్ టెక్స్ట్ నుంచే మొదలుపెట్టండి: ఫీల్డు లేనిది ఒకటి, నల్ ఉన్నది ఒకటి, ఖాళీ స్ట్రింగ్ ఒకటి. నేను జీసన్ వదిలి, అదే పని చేసే కాట్లిన్‌ఎక్స్ సీరియలైజేషన్ లైబ్రరీకి మారాను. ఫీల్డు లేకపోతే డిఫాల్ట్ తీసుకుంది. నల్ పంపితే మాత్రం ఎర్రర్. నల్ వచ్చినా డిఫాల్ట్ తీసుకోమనే కోయెర్స్ ఇన్‌పుట్ వాల్యూస్ సెట్టింగ్ ఆన్ చేశాక ఆ టెస్టూ పాసైంది. రాత్రి ఒంటిగంటకు అదే పాత ఆర్డర్ తెరిచాను. ల్యాండ్‌మార్క్ గడి ఖాళీగా కనిపించింది, యాప్ నిలబడింది.