బారో, లెండ్, చేబదులు

పొద్దున టిఫిన్ డబ్బా సర్దుతుంటే మావాడు మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. నిన్న క్లాసులో పక్కవాణ్ణి "బారో మీ యువర్ స్కేల్" అని అడిగాడట. బెంచీ బెంచీ అంతా నవ్విందట. "తప్పేముందమ్మా? అప్పివ్వమనే కదా అడిగా?"

తప్పు అక్కడే ఉంది. బారో అంటే తీసుకోవడం, లెండ్ అంటే ఇవ్వడం. "లెండ్ మీ యువర్ స్కేల్" అనాలి, లేదా "కెన్ ఐ బారో యువర్ స్కేల్" అనాలి. చెప్పాను గానీ వాడికి ఎక్కలేదు. అవతల కుక్కర్ మూడో విజిల్ వేస్తోంది, నాకూ అంతకన్నా తీరిక లేదు.

చిక్కడపల్లిలో మెట్రో ఎక్కాక కూడా అదే ఆలోచన. మనకు అప్పు ఒక్కటే మాట. అది ఎటు నుంచి ఎటు పోతోందో పక్కనున్న ఇవ్వడం, తీసుకోవడం చెబుతాయి. అలాగని మనదేం మాటల్లేని భాష కాదు, మన ఆరా వేరే. ఏం తెచ్చుకున్నావు, ఎలా తీరుస్తావు? వడ్డీకి తెస్తే అప్పు. జీతం రాగానే ఇచ్చేస్తానని వడ్డీ లేకుండా తెస్తే చేబదులు. గ్లాసుడు పంచదార తెచ్చి గ్లాసుడు పంచదారే తిరిగి పోస్తే బదులు. పెళ్లికి పెట్టుకెళ్లడానికి తెచ్చిన గొలుసులా, తెచ్చిన వస్తువునే తిరిగి అప్పజెప్పాల్సి వస్తే ఎరువు. ఎరువు సొమ్ము బరువు చేటని మా నాయనమ్మ ఊరికే అనేది కాదు. ఇప్పుడు ఎరువంటే అందరికీ యూరియానే. ఇంగ్లిష్‌లో వీటన్నిటికీ బారో ఒక్కటే, స్కేలైనా ఇంటి లోనైనా.

లోనంటే గుర్తొచ్చింది. ఆ కాగితాల మీద సంతకాలు పెట్టిన రోజు నేను బారోవర్ గడి వదిలేసి లెండర్ గడిలో పెట్టాను. అవతల కూర్చున్నాయన "మేడం, మీరే మాకు లోనిస్తున్నారా?" అని నవ్వి కొత్త కాగితం తీశాడు. వాయిదా కట్టయిన మెసేజ్ వచ్చినప్పుడల్లా ఆ గడే కళ్లముందు కనబడుతుంది. వాడికి మాత్రం ఈ సంగతి చెప్పలేదు.

లంచ్‌లో డిక్షనరీ చూశా. లెండ్ చివర ఉన్న డ మొదట్లో లేదట, భూతకాలపు రూపంలోంచి వచ్చి అతుక్కుందట. బారోకి మూలం పూచీ అనే అర్థమున్న పాత మాట. మరి తీసివేతల్లో పక్క అంకె దగ్గర బారో చేసిన పదిని ఏ పూచీ మీద తెస్తారో, ఇన్నేళ్లలో ఎవరూ తిరిగిచ్చింది లేదు. సాయంత్రం ఇది చెబితే మావాడు పడీపడీ నవ్వాడు. పొద్దుటి పాఠం కన్నా ఇదే వాడికి బాగా ఎక్కింది.

అంతలో పక్కింటామె గిన్నె పట్టుకుని వచ్చింది. "అక్కా, జర తోడుంటే ఇయ్యరాదూ."

రెండు చెంచాలు వేసిచ్చా. ఆమె అటు వెళ్లిందో లేదో, "అమ్మా, ఆంటీ ఇప్పుడు బారో చేసినట్టేనా?" అన్నాడు. అవుననబోయి ఆగాను. తోడు ఎవరైనా తిరిగిస్తారా? "అది బారో కాదు, లెండ్ కాదు. గివ్," అన్నాను.

రాత్రి పాలు గోరువెచ్చగా అయ్యాక చూస్తే మా గిన్నెలో పెరుగు లేదు. ఆఖరి చెంచా దాకా వాడే అన్నంలో కలుపుకున్నాడు. గిన్నె ఇచ్చి వాణ్ణే పక్కింటికి పంపా. "ఆంటీ, కెన్ ఐ బారో..." అని గొంతు వినబడింది. ఒక్క క్షణం ఆగి, "అమ్మ కొంచెం తోడు ఇమ్మంది."