గ్యారిసన్, డగ్లస్, చందా పెట్టెలు

గంగమ్మ జాతరకు ముందు తిరుపతిలో ఒకే వీధికి రెండు చందా పుస్తకాలొస్తే ఇంటివాళ్లు ముందు "మీరే కమిటీ?" అని అడుగుతారు. 1840ల్లో డబ్లిన్, గ్లాస్గో ఇళ్లలో అమెరికా బానిసల పేరిట చందాలిచ్చేవాళ్లకూ ఇదే చిక్కు. గ్రూప్స్‌కు చదివే మన పిల్లలు బోస్టన్‌లోని బానిసత్వ వ్యతిరేక నాయకుడు విలియం లాయిడ్ గ్యారిసన్‌కూ, బానిసత్వం నుంచి తప్పించుకొచ్చి గొప్ప వక్తయిన ఫ్రెడరిక్ డగ్లస్‌కూ మధ్య వచ్చిన గొడవను సిద్ధాంత భేదంగానే రాసుకుంటారు. డబ్బు ఏ దారిన వెళ్లిందో చూడకపోతే సగమే అర్థమవుతుంది.

1840 మేలో అమెరికా బానిసత్వ వ్యతిరేక సంఘం చీలింది. మహిళలకు కమిటీలో చోటివ్వడం తక్షణ కారణం. పాత సంఘం గ్యారిసన్ చేతిలో మిగిలింది, న్యూయార్క్ వ్యాపారి లూయిస్ టాపన్ వర్గం కొత్తది పెట్టుకుంది. జూన్‌లో లండన్‌లో జరిగిన ప్రపంచ బానిసత్వ వ్యతిరేక మహాసభ మహిళా ప్రతినిధులను కూర్చోనివ్వలేదు. గ్యారిసన్ వాళ్లతోపాటు గ్యాలరీలోనే కూర్చున్నాడు. లండన్‌లోని బానిసత్వ వ్యతిరేక సంఘం టాపన్ వైపు మొగ్గడంతో, గ్యారిసన్ తరఫున చందాలకు వెళ్లిన జాన్ కాలిన్స్‌కు అక్కడ పెద్దగా ఏమీ దక్కలేదు.

ఇక గ్యారిసన్ వర్గానికి ఆధారం బోస్టన్‌లో ఏటా నిధుల కోసం పెట్టే బజారు. ఐర్లండ్, స్కాట్లండ్, ఇంగ్లండ్ మహిళలు కుట్లు, అల్లికలు పెట్టెలకెత్తి ఓడలో పంపేవాళ్లు. క్రిస్మస్ రోజుల్లో గ్యారిసన్ సహచరి మరియా వెస్టన్ చాప్‌మన్ బృందం అమ్మి, ఆ సొమ్ము సంఘానికి జమచేసేది. కాబట్టి పెట్టె పంపేవాళ్ల మనసు మారితే సంఘం ఖజానాకే దెబ్బ.

ఆ భయంతోనే చాప్‌మన్, బ్రిటన్‌లో తిరుగుతున్న డగ్లస్ లండన్ సంఘం డబ్బుకు లొంగిపోతాడేమో కనిపెట్టి ఉండమని డబ్లిన్ ప్రింటర్ రిచర్డ్ వెబ్‌కు రాసింది. అది తెలిసి 1846లో డగ్లస్ మండిపడ్డాడు. ఆ కోపం పూర్తిగా న్యాయమైనదే. సభలను నింపేది అతని గొంతు, నమ్మకం మాత్రం అతనికి దక్కలేదు.

అదే ఏడాది న్యూకాజిల్‌లోని రిచర్డ్‌సన్ కుటుంబ మహిళలు 150 పౌండ్లు పోగుచేసి, యజమాని హ్యూ ఆల్డ్ నుంచి డగ్లస్‌కు చట్టబద్ధమైన విముక్తి కొన్నారు. యజమానికి సొమ్మిస్తే మనిషిని ఆస్తిగా ఒప్పుకున్నట్టేనని గ్యారిసన్ వర్గానికి చెందిన హెన్రీ రైట్ వంటివాళ్లు అభ్యంతరపెట్టారు. తర్కం గట్టిదే, కానీ అమెరికాలో అడుగుపెట్టగానే పట్టుబడే ప్రమాదం రైట్‌కు లేదు కదా.

ఆపై బ్రిటన్ మిత్రులు సొంత పత్రిక పెట్టుకోవడానికి సుమారు 500 పౌండ్లు నేరుగా డగ్లస్‌కే ఇచ్చారు. గ్యారిసన్ వద్దన్నా, 1847 డిసెంబరు 3న న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఆ పత్రిక, నార్త్ స్టార్, మొదలైంది. 1849లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన జూలియా గ్రిఫిత్స్ లెక్కలు చక్కబెట్టి, రోచెస్టర్‌కూ వేరే బజారు నిలబెట్టింది. బ్రిటన్ పెట్టెలు రెండు దారులు పట్టాయి. 1851లో డగ్లస్, అమెరికా రాజ్యాంగం బానిసత్వాన్ని సమర్థిస్తుందా లేదా అన్న విషయంలో గ్యారిసన్‌తో బహిరంగంగా విడిపోయినప్పటికి పత్రికకు బోస్టన్ దయ అక్కర్లేదు. 1855లో గ్రిఫిత్స్ బ్రిటన్‌కు తిరిగి వెళ్లి, ఊరూరా మహిళా సంఘాలు పెట్టించి రోచెస్టర్‌కు సొమ్ము పంపిస్తూనే ఉంది.