అర బీటు ఆలస్యం

పైఅంతస్తు కుర్రాడు లూప్ పెడల్ (వాయించిన ముక్కని రికార్డు చేసి, అదే పదేపదే వినిపించే కాలిమీట) మళ్లీ ఆలస్యంగా నొక్కాడు. పొద్దుటి నుంచి ఇది అయిదోసారి. లూప్ చివర చిన్న ఖాళీ, తిరిగొచ్చిన ప్రతిసారీ అదే కుంటు.

నిమిషానికి 96 బీట్లయితే నాలుగు బార్లకి (బార్‌కి నాలుగు బీట్లు) సరిగ్గా 10 సెకన్లు. మొదటిసారి నొక్కితే రికార్డింగ్ మొదలు, రెండోసారి నొక్కితే లూప్ మూత. ఆ రెండో నొక్కు తర్వాతి ‘ఒకటి’ మీదే, అంటే కొత్త బార్ మొదటి బీటు మీదే పడాలి. అంటే కాలు కాస్త ముందే లేవాలి.

ఆ లూప్ మీద ఒక్కో పొరా పేర్చాలి: ముందు గిటార్ బాడీ మీద దరువు, తర్వాత అరచేత్తో అదిమిపట్టి లావు తీగలు, ఆపైన కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు), చివర్న గొంతు. అన్నీ కింది స్థాయిలోనే పేరిస్తే అంతా బురదే. మైక్ తెరిచి వదిలేస్తే గదిలో ఫ్యాను రొద కూడా ప్రతి పొరలో చేరుతుంది.

బ్రిటిష్ గాయకుడు ఎడ్ షీరన్ బ్యాండ్ లేకుండా వేదికలు నెట్టుకొచ్చింది ఈ లెక్కతోనే. 2011 సెప్టెంబరులో, ఇరవయ్యేళ్లకి, తొలి ఆల్బమ్ ‘ప్లస్’. మొదటి వారమే బ్రిటన్‌లో లక్షకు పైగా కాపీలు, నేరుగా నంబర్ వన్. చేతిలో బుల్లి మార్టిన్ గిటార్: స్కేల్ (మోగే తీగ పొడవు) 23 అంగుళాలే కాబట్టి తీగ బిగువు తక్కువ, వేళ్లకి సుఖం.

ఆల్బమ్‌లో మాత్రం పెడల్ గారడీ వెతక్కండి. నిర్మాత జేక్ గోస్లింగ్‌తో చేసిన పాటల్లో చాలావాటిని పలచగానే వదిలారు. దాని అందం అక్కడే ఉంది.

(2025లో షీరన్ బెంగళూరు వేదిక మీద తెలుగు పాట కూడా పాడాడు. ఉచ్చారణ మన గాయకులు కొందరికన్నా నయం!)

పైన ఆరోసారి మొదలైంది.