వెస్ట్ బ్లాక్‌లో ఒక స్వేచ్ఛావాది

నిన్న కంఠీరవ స్టేడియంలో వెస్ట్ బ్లాక్ బ్లూస్ మధ్య నిలబడి 90 నిమిషాలూ అరిచి, బొంగురు గొంతుతో మారతహళ్ళి చేరాక కూడా నాకు నిద్ర పట్టలేదు. బెంగళూరు ఎఫ్‌సీ ఫుట్‌బాల్ క్లబ్బుతో పాటే 2013లో పుట్టిన ఆ అభిమానుల బృందాన్ని ఏ ప్రభుత్వమూ ఏర్పాటు చేయలేదు; అయినా డప్పు ఎప్పుడు మోగాలో, పాట ఎవరు ఎత్తుకోవాలో అక్కడ అందరికీ తెలుసు. పైనుంచి ఎవరూ నడపకుండానే క్రమం ఏర్పడుతుందన్న ఆర్థికవేత్త హాయెక్ ఆలోచనకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలని బావగారితో అన్నాను. (ఆయన క్రికెట్ మనిషి, నవ్వి ఊరుకున్నారు.)

అయితే ఎవరి ఆస్తి, ఎవరి నిర్ణయం వాళ్ళదేననే నా స్వేచ్ఛావాదం తడబడేది కూడా ఇక్కడే. క్లబ్బు యజమాని ఆస్తి అని నమ్మినప్పుడు, 2021 ఏప్రిల్‌లో 12 యూరప్ క్లబ్బులు తమకంటూ సూపర్ లీగ్ అనే వేరే పోటీని ప్రకటించుకోవడాన్ని నేను తప్పుపట్టకూడదు. కానీ చెల్సీ అభిమానులు వీధికెక్కి, రెండు రోజుల్లోనే 6 ఇంగ్లిష్ క్లబ్బులూ వెనక్కి తగ్గినప్పుడు పండగ చేసుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. జర్మనీలో సగానికి పైగా ఓట్లను క్లబ్బు సభ్యుల చేతిలోనే ఉంచే 50+1 నిబంధనను నేను బలవంతం అనుకోను, ఎందుకంటే అది పార్లమెంటు చేసిన చట్టం కాదు, ఫుట్‌బాల్ వాళ్ళు తమకు తాము రాసుకున్న నియమం.

వచ్చే మ్యాచ్‌కు బావగారికీ టికెట్ కొన్నాను, ఆయన ఇష్టంతోనే.