తిరగలి పైదిమ్మ కోసం ఏటికొప్పాక

కాకినాడలో వైజాగ్ బస్సు ఎక్కేముందే కండక్టర్‌ని అడిగాను, లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాకకి దిగాల్సిన అడ్డురోడ్డులో ఆపుతారా అని. "అక్కడ స్టాపు లేదు మేడమ్. ఎలమంచిలి టిక్కెట్టు తీసుకోండి, డ్రైవర్‌కి చెప్తాను, స్లో చేస్తాడు" అన్నాడు. దిగేది ముందు, డబ్బులేమో తర్వాతి ఊరికి. కత్తిపూడి దాటేదాకా నాకు ఆ కోపం తగ్గలేదు. అన్నవరంలో సగం బస్సు ఖాళీ అయ్యాక కిటికీ పక్కన సీటు దొరికింది.

ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు. అందులో జేబురుమాల్లో చుట్టిన, పిల్లలు ఆడుకునే చెక్క తిరగలి. నిజానికి సగం తిరగలే, కింది దిమ్మ ఒక్కటే. రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దది, నడుమ చిన్న మేకు. దాని పైదిమ్మ 1991 క్రిస్మస్ ముందురోజు రాత్రి మా వీధి మురుగుకాలువలో పడిపోయింది. పడిపోయిందని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను గానీ, విసిరింది నేనే.

అప్పుడు నాకు ఏడేళ్ళు. మా సండేస్కూల్లో ఒకమ్మాయికి అంతకుముందు ఏడాది పండక్కి కళ్ళు మూసి తెరిచే బొమ్మ కొన్నారు. పడుకోబెడితే కళ్ళు మూస్తుంది, లేపి కూర్చోబెడితే తెరుస్తుంది. అలాంటిదే కావాలని వానాకాలం నుంచీ ఇంట్లో నా పోరు. నాన్న తాపీమేస్త్రి. ఆ డిసెంబరులో ఎలమంచిలి దగ్గర ఏదో గోడౌను పని ఒప్పుకుని వెళ్ళాడు. మూడు వారాలు ఇంటికి రాలేదు. ఆ మూడు వారాలూ నేను బొమ్మకి పేర్లు వెతుక్కుంటూ గడిపాను.

24 రాత్రి కేరల్స్ వాళ్ళు మా వీధి మలుపులో డోలక్ కొడుతుండగా వచ్చాడు. గుమ్మానికి కట్టిన కాగితం నక్షత్రంలో బల్బు వెలుగుతోంది. ఆ వెలుగులోనే నా చేతిలో తాటాకు బుట్ట పెట్టాడు. మూత తీస్తే లక్కపిడతలు. పొయ్యి, కుండ, బిందె, రోలు, రోకలి, పప్పుగుత్తి, తిరగలి. అన్నీ నున్నగా మెరుస్తున్నాయి. నేను బుట్ట అడుగుదాకా చెయ్యి పెట్టి వెతికాను, బొమ్మ ఎక్కడో కింద ఉంటుందని. లేదు. ఏడుస్తూ చేతికి అందినవి అందినట్టు బయటికి విసిరేశాను. అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. నాన్న ఏమీ అనలేదు.

తెల్లారి లేచేసరికి ఆయన ఆరాధనకి కొత్త చొక్కా వేసుకుని, పంచె పైకి కట్టి, కాలువ పక్కన గొంతుక్కూర్చుని వెదురుపుల్లతో బురద కదుపుతున్నాడు. రోకలి దొరికింది. తిరగలి కిందిదిమ్మ దొరికింది. పైది దొరకలేదు. మొదటి గంట కొట్టేశారని అమ్మ కేకలేస్తే అప్పుడు లేచాడు. చర్చిలో ఆయన పక్కనే కూర్చున్నాను. సబ్బుతో రుద్దుకున్నా చేతుల నుంచి కాలువ వాసన పూర్తిగా పోలేదు. ఆ పండగ కేకు రుచి గుర్తులేదు, ఆ వాసన మాత్రం గుర్తుంది.

ఆ లక్కపిడతలతోనే తర్వాత ఐదేళ్ళు ఆడుకున్నాను. ఒక్కొక్కటే చుట్టాల పిల్లల చేతుల్లోకి పోయాయి. 2023లో పండక్కి హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు అమ్మ కుట్టుపెట్టెలో గుండీల మధ్య ఈ సగం దిమ్మ కనిపించింది. మర్నాడే బయల్దేరాను. ఎక్కడికని నాన్న అడిగితే, స్నేహితురాలి ఇంటికన్నాను.

తుని, పాయకరావుపేట, నక్కపల్లి. అడ్డురోడ్డులో డ్రైవర్ మాట నిలబెట్టుకున్నాడు. ఆటో అతను ఒక్కరికైతే 100 అన్నాడు. కాస్త దూరానికి 100 ఏమిటని షేర్ ఆటో నిండేదాకా ఎండలో నిలబడ్డాను. చెరుకు తోటలు, వరాహ నది, తర్వాత ఊరు. వీధిలో నడుస్తుంటే ఇళ్ళలోంచి మోటార్ల చప్పుడు వినిపిస్తుంది, పిండిమర ఉన్న వీధిలో లాగా.

మొదటి కొట్టులో గోడ మీద 2017లో ఈ ఊరి బొమ్మలకి వచ్చిన జీఐ (ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే) గుర్తింపు గురించి ఫ్లెక్సీ ఉంది. దాని కింద బల్ల నిండా క్రిస్మస్ సామాను! చెట్టుకి వేలాడదీసే గంటలు, గుండ్లు, నక్షత్రాలు. మా ఇంట్లో సరుగుడు కొమ్మకి రంగు కాగితాలు అంటించుకునేవాళ్ళం. ఇంత దగ్గర్లో ఇవి తయారవుతాయని అప్పుడు తెలియదు. లక్కపిడతల సెట్టు 600 చెప్పారు. తిరగలి ఒక్కటే కావాలంటే, విడిగా ఇస్తే సెట్టు పాడవుతుందన్నారు. రెండో కొట్టులోనూ అదే మాట. చేతిలో సగం దిమ్మ చూపించాక కొట్టులో అమ్మాయి ఎదురు సందులోకి చెయ్యి చూపించింది.

సందులో ఒక వసారా, అందులో లేతు (కర్రని తిప్పుతూ చెక్కే యంత్రం), దాని ముందు 60 దాటిన పెద్దాయన. కరెంటు లేదు.

"ఏటి కావాలమ్మా?"

దిమ్మ ఆయన అరచేతిలో పెట్టాను. బొటనవేలితో అంచు తడిమి, గోటితో ఒకచోట గీకి చూశాడు. "ఇది మా ఊరి పనే. రంగు పాతది, కెమికల్. ఇప్పుడిది వాడంలే."

చిన్నప్పుడు నాకు అంత అందంగా కనిపించిన గులాబీ ఎరుపు దుకాణంలో డబ్బాల్లో అమ్మే రంగన్నమాట. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువులకి అలాంటి రంగులెందుకని ఈ ఊరి సి.వి. రాజుగారు మొక్కల నుంచి తీసే రంగుల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. నేను వెళ్ళిన ఆ 2023లోనే ఆయనకి పద్మశ్రీ వచ్చింది. పెద్దాయన ఆ సంగతి సొంత ఇంటి శుభవార్తలా చెప్పాడు. "పసుపుకి పసుపే. నీలానికి నీలిమొక్క. ఎరుపుకి జాఫ్రా గింజలు." బొమ్మలకి వాడే అంకుడు కర్ర దొరకడమే కష్టంగా ఉందని, చాలా దూరం నుంచి తెచ్చుకోవాల్సి వస్తోందని చెప్పుకొచ్చాడు. గంటసేపు ఆ వసారాలోనే కూర్చున్నాను. వాళ్ళావిడ మజ్జిగ ఇచ్చింది.

కరెంటు వచ్చాక పని పది నిమిషాలు కూడా పట్టలేదు. అంకుడు ముక్క బిగించి మోటారు వేశాడు. ఉలి ఆనించగానే తెల్లటి పొట్టు రిబ్బన్లలా లేచి ఆయన మోకాళ్ళ మీద పడింది. నా దిమ్మని పక్కన పెట్టుకుని రెండుసార్లు ఆపి, కొలిచి, మళ్ళీ చెక్కాడు. నడుమ బెజ్జం, పక్కన పిడికి ఇంకో చిన్న బెజ్జం. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీ తిరుగుతున్న కర్రకి అదిమి పట్టాడు. రాపిడి వేడికే లక్క కరిగి, తెల్ల కర్ర చుట్టూ ఎర్రటి గీత పాకింది, వెడల్పయింది, మొత్తం కప్పేసింది. చివరికి ఎండిన మొగలి ఆకు మడిచి ఆనిస్తే, మసకగా ఉన్నది ఒక్కసారిగా అద్దంలా మెరిసింది. ఆ మెరుపు చూడగానే తాటాకు బుట్ట మూత తీసిన క్షణం ఒళ్ళంతా గుర్తొచ్చింది. అప్పుడు సరిగ్గా చూడలేదు.

50 తీసుకున్నాడు. ఇంకో 50 ఇవ్వబోతే, "పని ఎంతో డబ్బులంతే" అని వద్దన్నాడు. కింద దిమ్మ గులాబీ, పైది నారింజ కలిసిన ఎరుపు. రెండూ కలవలేదు. తిప్పితే మాత్రం తిరిగింది.

తిరుగు ప్రయాణం తునిదాకా నిలబడే. గుర్తుపెట్టుకోవాల్సిందేమీ లేదు.

ఇంటికి వచ్చేసరికి రాత్రి ఎనిమిదయింది. నాన్న వరండాలో కుర్చీలో ఉన్నాడు. అప్పటికి ఆయనకి 71. ఆ రాత్రి సంగతి మా మధ్య ఎప్పుడూ రాలేదు. ఆయనకి గుర్తుందో లేదో కూడా నాకు తెలియదు. ఏమీ చెప్పకుండా తిరగలి ఆయన చేతిలో పెట్టాను. కళ్ళజోడు పైకి తోసుకుని లైటు కిందికి జరిపి చూశాడు.

"దొరికిందా?" అన్నాడు, నిన్న రాత్రి పోయినట్టు.

"దొరికింది నాన్నా" అన్నాను. అంతకంటే మాట రాలేదు.

వంటింట్లోకి కేకేసి అమ్మని నాలుగు ఆవాలు తెమ్మన్నాడు. నడిమి బెజ్జంలోంచి ఒక్కొక్కటే వేసి, బొటనవేలితో పిడి పట్టుకుని తిప్పాడు. ఆవాలు నలగలేదు. పక్కనుంచి జారి నేల మీద పడ్డాయి. వంగి ఏరి, మళ్ళీ వేశాడు.